పాయింట్ తొమ్మిది

మానవజాతి పలకరింపుల చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయడానికి కూర్చుంటే, అందులో ఉద్దానానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. తక్కిన లోకంలో మనిషికి మనిషి ఎదురైతే బాగున్నావా అంటారు. ఇంకాస్త నాగరికులైతే భోంచేశావా అంటారు. పలాస దాటి సముద్రం వైపు దిగిన ఊళ్లలో మాత్రం, ఏ కాలంలో మొదలైందో చెప్పే శాసనమేదీ దొరకలేదు గానీ, మనిషి కనబడగానే "ఎంతున్నాది?" అంటారు. ఏమిటి ఎంత అని ఎదురు అడిగినవాడు పరాయి ఊరివాడని అర్థం. అడుగుతున్నది రక్తంలో క్రియాటినిన్ సంగతి, అంటే కిడ్నీలు ఎంతవరకు చేతులెత్తేశాయో చెప్పే అంకె. అక్షరం రాని ముసలమ్మ కూడా దాన్ని దశాంశంతో సహా అప్పజెబుతుంది. ఒకటి లోపున్నవాడు దొర. రెండు దాటినవాడు కొబ్బరి చెట్టెక్కడం మానుకుంటాడు. అయిదు దాటినవాడు వియ్యంకుడి ఇంటికి వెళ్లడం మానుకుంటాడు. ఏడు దాటాక వెళ్లవలసిన చోటు ఇంకొకటే మిగులుతుంది. అది పలాసలోని డయాలసిస్ కేంద్రం.

నయోమి ఆ కేంద్రంలో నర్సు.

ఆమె నర్సు కావడం ఆమె నిర్ణయం కాదు, బాప్టిస్టు సంఘం తీర్మానం. తండ్రి ప్రభాకరరావు గారు సంఘ పెద్ద. కీర్తన ఎత్తుకుంటే వెనకవాళ్లు అందుకోలేక అవస్థపడే గొంతు. ఆయన అంకె మూడు దాటిన ఆదివారం ప్రార్థన విన్నపాల్లో ప్రకటించారు. నాలుగు దాటిన ఆదివారమూ ప్రకటించారు. అప్పటికి ఇంటర్ చదువుతున్న నయోమి వైపు సంఘమంతా తిరిగి చూసింది. ఆ చూపుతోనే ఆమె చదువు ఖాయమైపోయింది. ఆమె కోర్సు ముగించి కేంద్రంలో చేరి, తండ్రి చేతికి తన చేతులతోనే సూది గుచ్చే రోజులు వచ్చాయి, వెళ్లిపోయాయి. కీర్తన ఎత్తుకునేవాళ్లు ఇప్పుడు వేరే ఉన్నారు. గొంతు చిన్నది కాబట్టి అందరూ సులువుగా అందుకుంటున్నారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురు. తల్లి దేముడమ్మ, నయోమి, తమ్ముడు జెర్రీ. జెర్రీ జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని చేసేవాడు, సంఘం గుడిలో డోలక్ వాయించేవాడు. రెండు చోట్లా వేడి పుట్టించడమే తన ఉద్యోగమని చెప్పుకునేవాడు. తండ్రి సమాధి కార్యక్రమం అయిన వారానికి అతను తన రక్తం పరీక్ష చేయించుకున్నాడు. పాయింట్ తొమ్మిది. ఊరంతా వీపు తట్టింది. తరవాత నెలకోసారి చేయించుకున్నాడు. తరవాత వారానికోసారి. ఆ తరవాత పలాసలో ఇచ్చిన అంకెను టెక్కలిలో, టెక్కలిలో ఇచ్చినదాన్ని సోంపేటలో సరిచూసుకున్నాడు. మూడు ఊళ్ల ప్రయోగశాలలూ ఏకగ్రీవంగా పాయింట్ తొమ్మిది అన్నాయి. దేశంలో మరే విషయం మీదా ఇంత ఏకాభిప్రాయం లేదు.

ఆ అంకె అలాగే నిలబడింది గాని, జెర్రీ నిలబడలేదు. మొదట బోరు నీళ్లు మానేశాడు. తరవాత డబ్బా నీళ్ల మీద అనుమానం వచ్చింది. తరవాత అన్నం కూడా నీళ్లతోనే కదా ఉడుకుతుందని తట్టింది. పనిలోకి వెళ్లడం మానేసి, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. చూడవచ్చినవాళ్లు మంచం అంచున కూర్చుని "ఎంతున్నాది?" అనేవారు. దేముడమ్మ చెప్పేది. "మరింకేటి బావా, లెగు," అని జెర్రీ భుజం చరిచి, టీ తాగి వెళ్లిపోయేవారు. నయోమి కూడా ఆ మాటే అంది, ఒకసారి కాదు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "నీకేటి నేదురా" అనేది. అంటున్నప్పుడు అది నిజమని ఆమె నమ్మింది. ఆమె చదివిన పుస్తకాల ప్రకారం అతనికి నిజంగానే ఏమీ లేదు.

డిసెంబరు వచ్చింది. సంఘంలో ప్రతి ఇంటి కప్పు మీదా కాగితపు నక్షత్రం వెలిగింది. ఏటా వాటన్నిటికీ వైర్లు లాగేది జెర్రీయే. ఈసారి వేరెవరో లాగారు. జెర్రీ వాళ్ల ఇంటి నక్షత్రం అటక మీదే ఉండిపోయింది.

ఆ నెలలోనే నయోమికి రెండు దారులు ఒకేసారి తెరుచుకున్నాయి. దారులకు వేళాపాళా ఉండదు. కేంద్రంలో ఆమె ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. బుధవారం లోపు అవునో కాదో చెప్పాలి. విశాఖలో మానసిక రోగుల నర్సింగులో పెద్ద చదువుకు సీటు కూడా వచ్చింది. చేరాలంటే ఇక్కడ మానేయాలి. ఆ సీటుకు ఎందుకు దరఖాస్తు పెట్టిందని అడిగితే ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. ఓ రోజు మిషన్ల మధ్య నిలబడి చూస్తే, గొట్టాల్లో రక్తం తిరుగుతూనే ఉంది, ఒక్క మనిషి ముఖంలోనూ ఏదీ తిరగడం లేదు. ఆ సాయంత్రం పెట్టింది.

"పిచ్చోల్ల నర్సువా?" అంది దేముడమ్మ. "నిన్నెవుడు సేసుకుంటాడే?"

"ఇప్పుడు మాత్రం ఎవుడు సేసుకుంటన్నాడమ్మా."

"ఆ మాటకేటి గాని, మీ నాన్న నిన్ను దేనికి సదివించినాడు? కిడ్నీకి. అంతే."

కేంద్రంలో ఈ విషయంపై సాధికారంగా మాట్లాడినవారు చంద్రమౌళి గారు. ఆయనకు కొబ్బరి తోటలున్నాయి, జీడి తోటలున్నాయి, ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. అంకె ఏడు పాయింట్ రెండు. అది కూడా ఆయన గెలిచిన మెజారిటీ చెప్పినట్టే చెబుతారు. నయోమి సూది గుచ్చుతుండగా, పడుకునే ఉపన్యసించారు.

"సిస్టరమ్మా, కిడ్నీకి మర్యాదున్నాది. మంత్రులొత్తారు, టీవీలోలొత్తారు, పండు సేతిలో పెట్టి ఫొటో తీసుకుంటారు. మనసుకేటున్నాది? దాని కోసం ఒక్క కెమెరా అయినా మనూరొచ్చినాదా?"

"రాలేదండి. రాత్రులు నిద్ర పడతన్నాదా ప్రెసిడెంటు గారూ?"

ఆయన రెండో చేయి ముందుకు చాపారు. "నువ్వు బీపీ సూడు," అన్నారు.

ఇదిలా ఉండగా దేముడమ్మ ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. కొడుకు రిపోర్టు మళ్లీ పాయింట్ తొమ్మిది వచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాలన్నది ఆమె కోరిక. పులిహోర కలిపింది. వాకిట్లో పట్టాలు పరిచారు. పాస్టరుగారు రిపోర్టు కాగితాన్ని అందరికీ కనబడేలా పైకెత్తారు. జెర్రీకి చాలా కాలానికి ఇస్త్రీ చొక్కా తొడిగి ముందు కూర్చోబెట్టారు. సాక్ష్యం చెప్పమన్నారు. అతను లేచి నిలబడ్డాడు.

"నాకు పాయింట్ తొమ్మిది," అన్నాడు. "దేవునికి స్తోత్రం."

కూర్చున్నాడు. ఇంత క్లుప్తమైన సాక్ష్యం ఆ సంఘంలో అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. ఆ తరవాత ముగింపు ప్రార్థన. పాస్టరుగారు మూత్రపిండాలను, వాటిని నిర్మించిన హస్తాలను, పరీక్షా కేంద్రాలను, వాటిని నడిపే సిబ్బందిని ఒక్కొక్కరినీ తలుచుకుని స్తుతించారు. కళ్లు మూసుకున్నవాళ్లు మూసుకున్నట్టే ఉన్నారు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి జెర్రీ చోటు ఖాళీగా ఉంది. అతని బండి కూడా లేదు.

"అరటిపల్లు తేడానికెల్లుంటాడు," అంది దేముడమ్మ. పులిహోర వడ్డన మొదలైంది.

నయోమి మాత్రం వడ్డించలేకపోయింది. జెర్రీ ఫోను మంచం మీదే ఉంది. దాని పక్కన, మడిచి పెట్టిన, అతని డోలక్ మీద కప్పే గుడ్డ. కొట్టు దగ్గర చూసింది, గుడి వెనక చూసింది, తండ్రి సమాధి దగ్గర చూసింది. ప్రతిచోటా ఎవరో ఒకరు నిండు నోటితో, "ఆడికేటి భయం నేదమ్మా, పాయింట్ తొమ్మిది," అన్నారు. ఆ అంకెను అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది ఆమెకు. పొద్దు వాలుతుండగా చంద్రమౌళి గారు ఫోను చేశారు. చేపల లారీ నడిపే ఆయన మనిషి చూశాడట. "మీ తమ్ముడు భావనపాడు కాడ కూకున్నాడంట, ఒక్కడూ. సముద్రం దిక్కు సూత్తన్నాడంట. బేగెల్లు తల్లీ." ఆ గొంతులో ప్రెసిడెంటు లేడు.

నయోమి స్కూటీ మీద వెళ్లింది. దారి పొడుగునా ప్రార్థించడానికి ప్రయత్నించింది గాని, అన్ని మాటలూ మధ్యాహ్నమే అయిపోయినట్టున్నాయి.

చేపలు ఎండబెట్టే చోటికి అవతల, ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చున్నాడు జెర్రీ. ఇస్త్రీ చొక్కా అలాగే ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఆమె ఆ తడిని చూసింది. పక్కన కూర్చుంది.

"ఏటిరా, సెప్పకుండా వచ్చేసినావు."

"సెప్తే పులిహోర తినీసి ఎల్లమందురు."

ఆమె అతని చేయి అందుకుంది. అలవాటు కొద్దీ వేళ్లు నాడి మీదికి వెళ్లాయి. నాడి బాగానే ఉంది. ఇన్నేళ్లుగా ఎంత ఎండిపోయిన చేతిలోనైనా ఆమె నరం వెతికి పట్టుకోగలిగింది. ఇక్కడ ఎక్కడ వెతకాలో ఆమెకు తెలియలేదు.

"నీల్లలోకి ఎల్లిపోదామనుకున్నావా?" అని అడిగింది. అడిగాక, అది అడగకూడని మాటేమో అనిపించింది.

"అనుకున్నాను."

"ఇప్పుడో?"

"తెల్దప్పా."

అలలు వచ్చి పోతున్నాయి. జెర్రీ ఇసుకను పిడికిట్లోకి తీసుకుని వదిలేశాడు.

"నాన్నకి కూడా ముందల పాయింట్ తొమ్మిదే కదా," అన్నాడు. "తెల్లారితే ఎంతవుతాదో అని తొంగుంటాను. తెల్లారితే అంతే ఉంటాది. మల్లీ రాత్రి. పెరిగిపోతే బాగుండునప్పా. పెరిగితే నీ కాడికొచ్చి బెడ్డు మీద తొంగుందును. నువ్వు సూత్తావు, అందరూ పండొట్టుకుని వత్తారు. పెరక్కపోతే నాకెవులున్నారు?"

నోరు తెరిస్తే నీకేటి నేదురా అన్న మాటే వచ్చేస్తుందేమోనని నయోమి భయపడింది. అతని చేయి వదలకుండా కూర్చుంది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పైడితల్లి అనే ముసలామె అటుగా వచ్చి, వీళ్లను చూసి ఆగింది.

"ఎవులమ్మా, తమ్ముడా? అలగున్నాడేటి? ఎంతున్నాది?"

"పాయింట్ తొమ్మిది," అంది నయోమి.

"మరింకేటమ్మా, అదురుట్టమంతుడు," అని ముసలామె సంతోషంగా వెళ్లిపోయింది.

జెర్రీ ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకు తెలియలేదు. ఏదైనా సరే, అతన్ని లేపడానికి అది చాలింది.

మంగళవారం నయోమి తన పైఅధికారి సుధారాణి గదిలోకి వెళ్లి, పర్మినెంటు ఉద్యోగం వద్దని చెప్పింది. సుధారాణి చెడ్డమనిషి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాకే మాట్లాడింది.

"నయోమీ, ఇక్కడ నీ ముందు ఓ మిషను ఉంటుంది. ఎంత నీరు తీశామో, మనిషి ఎంత బరువు తగ్గాడో కళ్లకు కనబడుతుంది. అక్కడ ఏం కనబడుతుందమ్మా?"

"తెలీదు మేడమ్."

"చదివి వచ్చాక ఈ జిల్లాలో నీకు పోస్టెక్కడుంది?"

"అదీ తెలీదు."

"నువ్వు చదివి వచ్చేదాకా మీ తమ్ముడు ఆగుతాడా?"

ఈ ప్రశ్నను నయోమి తనను తాను ఆదివారం నుంచీ అడుగుతూనే ఉంది. ఆగడు. చదువు ఆమెకు అందేసరికి అతను అందకపోవచ్చు. మిషన్ల దగ్గరే ఉండిపోతే మాత్రం అతన్ని పట్టుకోవడానికి ఏం చేయాలో ఆమెకు ఎప్పటికీ తెలియదు. రెండింట్లో ఏదీ ఆశ కాదు. మొదటిది కాస్త చిన్న నిరాశ, అంతే.

"రేపు టెక్కలి తీసుకెళ్తున్నాను మేడమ్. మనసు డాక్టరు దగ్గరికి."

"వెళ్లు," అంది సుధారాణి. "ఉద్యోగం సంగతి బుధవారం సాయంత్రం దాకా పైకి రాయను." నయోమి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, రాసేయమని చెప్పింది.

ఆ డాక్టరు విశాఖ నుంచి వారానికోసారి, బుధవారం నాడు, టెక్కలి వచ్చి ఒక మందుల షాపు మేడ మీద కూర్చుంటాడు. మేడ మెట్లెక్కేవాళ్లందరూ ముందు షాపులో దగ్గు మందు కొనడం అక్కడి ఆచారం. దాని వల్ల టెక్కలిలో దగ్గు చాలా ఎక్కువన్న అభిప్రాయం బయటివాళ్లకు కలుగుతుంది.

"ఎవులైనా అడిగితే పన్ను నొప్పని సెప్పు," అని దేముడమ్మ గుమ్మంలో నిలబడి మరీ హెచ్చరించింది. కాని జెర్రీ తల దువ్వింది ఆమే. బస్సులో తినడానికి ఇడ్లీలు కట్టింది ఆమే.

జెర్రీని మంచం మీంచి లేపి స్నానం చేయించడానికి, బస్సెక్కించడానికి, దిగాక వెనక్కి తిరిగిపోకుండా చేయి పట్టుకోవడానికి నయోమికి ఉన్న బలమంతా సరిపోయింది. దగ్గు మందు కొనలేదు. జనం చూస్తుండగానే ఇద్దరూ మెట్లెక్కారు. పైన తలుపు దగ్గర బాబీ అనే కుర్రవాడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి సర్దుతున్నాడు.

"డాక్టరు గారు ఈ వారం సెలవమ్మా," అన్నాడు. "మళ్లీ బుధవారమే."

నయోమి పై మెట్టు మీదే కూర్చుండిపోయింది. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు. జెర్రీ ముఖం వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు. భావనపాడు ఇక్కడికి ఎంతో దూరం కాదు.

జెర్రీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇడ్లీల పొట్లం విప్పాడు. ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఒకటి తను కొరికాడు. నీళ్ల సీసా వైపు చూశాడు, చాలాసేపు చూశాడు, ఒక గుక్క తాగాడు.

"సర్లే అప్పా," అన్నాడు. "మల్లీ బుధారం వద్దాం."

నయోమి అతని వైపు తిరిగింది. ఇన్ని నెలల్లో రాబోయే వారం గురించిన మాట అతని నోట వినడం ఆమెకు ఇదే మొదలు. రాత్రి దాటితే చాలన్న మనిషి ఏడు రాత్రుల అవతలికి మాట ఇచ్చాడు. దీన్ని కొలిచే పరీక్ష మూడు ఊళ్లలోనూ లేదు. "వద్దాం," అంది. తప్పకుండా వద్దామంది. ఉదయాన్నే మొదటి బస్సుకే వద్దామంది.

మళ్లీ బుధవారం క్రిస్మస్, సెలవు రోజు.