సావుకారు నక్క

పొద్దున్నే నక్క ముఖం చూస్తే ఆ రోజు లాభమని ఆదోని వర్తకుల్లో కొందరికి గట్టి నమ్మకం. పంతొమ్మిది వందల యాభైల్లో నేను కాటా దగ్గర పనిచేసిన పత్తి మండీ సావుకారు అందుకోసం నక్కనే పెంచాడు. ఎమ్మిగనూరు దారిలో వేరుశనగ చేలో ఉచ్చుకు పడినదాన్ని కొని, మండీ పెరట్లో బోను కట్టించాడు. స్నానం చేసి వచ్చి, దాని ముఖం చూశాకే మండీ తలుపులు తీయించేవాడు.

కొన్నాళ్ళకు అది తిరగడం మొదలుపెట్టింది. ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ వెనక్కి. మలుపు దగ్గర తల ఒకే తీరుగా విసిరేది. ముక్కు కమ్మీలకు రాసుకుని పుండు పడింది. తోకను తానే కొరుక్కునేది.

"దానికి గాలి సోకిందప్పా" అన్నాడు కావలి ముసలాయన.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. అయినా ఊరి గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. అక్కడ జంతువుల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అడవి ప్రాణికి తిండి ఒక్కటే చాలదట, దాన్ని వెతుక్కునే పనీ కావాలట.

సావుకారుకు చెబితే, "చావకుండా చూడు, అంతే. నీ పుస్తకాలు ఎప్పుడన్నా పనికొస్తాయేమో చూద్దాం" అన్నాడు.

బోనులో సగం మేర మట్టి పోసి వేరుశనగ కాయలు, మాంసం ముక్కలు పాతిపెట్టాను. మొదట అది అటువైపే పోలేదు. తర్వాత ఒకనాడు ముక్కు మట్టిలో పెట్టి తవ్వింది. కాయ కొరికి తిని, మళ్ళీ తవ్వింది. తిరగడం తగ్గింది. తోక మీద వెంట్రుకలు మొలిచాయి. ఒక సాయంత్రం ఊళ వేస్తే, కొండల వైపు నుంచి ఇంకో నక్క బదులిచ్చింది.

"నీ బుక్కు నక్కక్కూడా తెలిసినట్లుందే!" అని ముసలాయన నవ్వాడు.

కానీ తవ్వే నక్కకు మనుషులతో పనిలేదు. సావుకారు తడిబట్టతో వచ్చి చప్పట్లు కొట్టినా తల ఎత్తేది కాదు. ఆ రోజుల్లోనే పత్తి ధర పడింది.

"పొద్దున్నే దాని ముడ్డి చూడల్లనా నేను? తీసేయ్ ఆ మట్టి!"

"మళ్ళీ పిచ్చెక్కుతాది సామీ. మీరు చూసిపోయినాకే పాతిపెడతా."

"నువ్వు కొలువు చేసేది నక్కకా, నాకా?"

మట్టి నేనే ఎత్తిపోశాను. అంతసేపూ అది నా పార వాసన చూస్తూనే ఉంది. తర్వాత అడుగున మిగిలిన ఉత్త బండను గోళ్ళు చిట్లేదాకా గీరింది. గీరడం మానేశాక, మునుపటికంటే వేగంగా తిరగసాగింది. ప్రతి మలుపులోనూ ముఖం కమ్మీల దగ్గరికి వచ్చేది.

సావుకారు చేతులు జోడించి చూశాడు. "ఇప్పుడు బాగైందప్పా మన నక్క" అని, మండీ తలుపులు తీయమన్నాడు.