సెల్లోఫేను తెర, నా ప్లాటినం తీగలు

నర్సీపట్నం మొత్తానికి నా అంత కెమిస్ట్రీ తెలిసినవాడు లేడని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ నమ్మకం ఒక ఉదయం సాక్షాత్తూ ఆర్డీవోగారి కళ్లముందు పీచుపీచుగా ఊడిపోయింది. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఆవిడ ఇప్పటికీ పడదు.

ఎనభైల మొదట్లో అక్కడి జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. పాతికేళ్లవాణ్ణి. వానొస్తే లేబులో బీకర్లన్నీ కారే పైకప్పు కిందే పెట్టేవాళ్లం. కొత్త గది కోసం పెట్టుకున్న అర్జీ ఆర్డీవోగారి ఆఫీసులో నిద్రపోతోంది. అందుకని ప్రిన్సిపాల్‌గారు సైన్సు ప్రదర్శనకి ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచి, ఆయన కళ్లు తిరిగేలా ఏదైనా చేసి చూపించమని నాకు చెప్పారు.

ఫ్యూయల్ సెల్ చేస్తానన్నాను. ఏదో పత్రికలో చదివాను లెండి. ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క ఆక్సిజన్, మధ్యలో పాలిమర్ పొర. రెండు వాయువులూ కలిసిపోకుండా పొర ఆపుతుంది, అయాన్లను మాత్రం పోనిస్తుంది, కరెంటు పుడుతుంది. అంతరిక్ష నౌకల్లో వాడిందే నర్సీపట్నంలో వాడితే తప్పేమిటి?

ప్రిన్సిపాల్‌గారి బీరువాలో తాళంవేసి దాచిన రెండు ప్లాటినం తీగల్ని బతిమాలి తెచ్చి, పాత టార్చి సెల్సులోని కార్బన్ కడ్డీలకి చుట్టాను. అవే ఎలక్ట్రోడ్లు. వారం రోజులు వాటిని చంటిపిల్లల్లా సాకాను. పొర సంగతంటారా, దానికి ఒక్క నిమిషం పట్టింది. స్వీట్ల డబ్బా మీది సెల్లోఫేను కాగితం కత్తిరించి, ఒక ప్లాస్టిక్ డబ్బా మధ్యలో మైనంతో అడ్డంగా అతికించి, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశాను. బ్యాటరీతో కాసేపు కరెంటు పంపితే రెండు వైపులా గాజుగొట్టాల్లో వాయువులు నిండాయి. బ్యాటరీ తీసి మీటరు తగిలించగానే ముల్లు కొండెక్కినట్టు ఎక్కింది. ప్రదర్శనకి మిగిలిన రెండు రోజులూ నేను నేలమీద నడిచిన గుర్తు లేదు.

ప్రదర్శన రోజు పొద్దున్న మాత్రం ముల్లు సగం ఎక్కి, జారి, సున్నా దగ్గర పడుకుంది. మా అటెండరు ఎర్రయ్య పక్కనే ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. పెద్దలొస్తున్నారని ఆ రోజు ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. డబ్బాలోకి వంగి చూసి నెమ్మదిగా అన్నాడు.

"బాబూ, మద్దిని కాయితం ఓపాలి సూడండి. నానిపోయి సిరిగినట్టుంది."

"ఎర్రయ్యా, ప్రాణమంతా ఎలక్ట్రోడ్లలో ఉంటుంది. అది ఉత్త అడ్డుతెర" అన్నాను.

కడ్డీలు బయటికి తీశాను. వాటికి ఏదో జిగురులాంటిది అంటుకుని ఉంది. అదెక్కడిదని ఆలోచించకుండా గరుకు కాగితంతో రుద్దాను, మళ్లీ పెట్టాను. ముల్లు ఎక్కింది, పడింది. మళ్లీ తీశాను, మళ్లీ రుద్దాను. మూడోసారికి ఒక ప్లాటినం తీగ తెగింది. కార్బన్ మసి చేతుల నుంచి చొక్కాకి, చొక్కా నుంచి ముఖానికి పాకింది. సరిగ్గా అప్పుడే ఆర్డీవోగారు గుమ్మంలో కనిపించారు.

ముల్లు పడిపోవడం చూసి ఎందుకలా అయిందని ఆయన అడిగారు. ఎలక్ట్రోడ్లు కొంచెం అలిసిపోయాయండీ అన్నాను. మరి ఆ మధ్యలోది బాగానే ఉందా అన్నారు. నిక్షేపంగా ఉందండీ అంటూ గాజుకడ్డీతో తట్టి చూపించాను. కడ్డీ పాలమీద మీగడలోకి దిగినట్టు అవతలికి దిగిపోయింది. ప్రిన్సిపాల్‌గారు పైకప్పు చూడసాగారు.

అప్పుడు ఎర్రయ్య ముందుకొచ్చాడు.

"ఇటోడు ఇటే ఉండాలండి, అటోడు అటే. తెర సిరిగితే ఆడొచ్చి ఈడి పనిలో ఏలెడతాడు. ఆ తెర ముక్కలేమో కడ్డీకి అట్టుకుపోతాయి. ఇంక కడ్డీ మట్టుకు ఏటి సేస్తాదండి?"

ఆర్డీవోగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంత సులువుగా తనకెవరూ సైన్సు చెప్పలేదన్నారు. ఎర్రయ్య పేరు అడిగి తెలుసుకుని, మిగతా బల్లలు చూసి వస్తానని వెళ్లారు. ఆయన తిరిగొచ్చేలోగా ఎర్రయ్య అతిథుల కోసం తెచ్చిన మిఠాయి డబ్బా మీది కాగితం విప్పి, కొత్త తెర అతికించాడు. తెగిన తీగని నేను ముడేశాను. ఈసారి ముల్లు ఎక్కి, అక్కడే కూర్చుంది.

గది మంజూరైంది. ఆ సంతోషంలో ప్రిన్సిపాల్‌గారు సందర్శకుల పుస్తకం తెరిచి, ఆర్డీవోగారు రాసింది స్టాఫ్ అందరి ముందూ గొంతెత్తి చదివారు: "లెక్చరర్ ఎర్రయ్యగారి వివరణ అద్భుతం. వారి అటెండరు కూడా ముఖానికి మసి పూసుకుని మరీ శ్రమించాడు."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రం మొరాయించినా, ఘనమైన భాగాల జోలికి పోకముందు మధ్యలోని తెరని చూస్తాను. దానికన్నా ముందు, అద్దంలో నా ముఖం చూసుకుంటాను.