సర్కారుకు చెప్పి లేచిపోయాం

మా కొండల్లో ఫితూరీ నడుస్తున్న రోజుల్లో నాకు పెళ్లీడు వచ్చింది. తిరుగుబాటు చేసినవాళ్లకు తిండి మోస్తున్నదెవరో కనిపెట్టాలని మా ఊరి మొదట్లో పోలీసులు పాక వేశారు. ఊరు దాటేవాళ్లెవరైనా అక్కడ ఆగి ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తారు, అన్నీ చెప్పాలి. అడగడం ఒక జవాను పని. మైదానం నుంచి వచ్చినవాడు, మంచివాడే, కాని అబద్ధమాడటం చేతకాదు. అటువంటివాడితో వేగడం కష్టం.

మా నాయనమ్మ మాత్రం వేగింది. చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్తున్న ఆ ముసలిదాన్ని కూడా ఎందుకని అడిగాడు. ఆవిడ అక్కడే చతికిలబడి, రాత్రి తాగిన అంబలి దగ్గర మొదలుపెట్టి తన కడుపు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఆగి, వెళ్లిన పని ఎలా అయిందో కూడా చెప్పింది. మర్నాటి నుంచి ఆవిడ కనబడితే అతను కొండవైపు తిరిగి నిలబడేవాడు. ఊరంతా నవ్వుకుంది.

నా సంగతి నవ్వులతో తేలేది కాదు. పక్క లోయ కుర్రాడు, నేను ఇష్టపడ్డాం. మాలో అలా ఇష్టపడ్డవాళ్లు ఇంట్లో చెప్పకుండా లేచిపోయి అబ్బాయి ఇంటికి చేరతారు. తర్వాత పిల్ల తండ్రి పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లి, నా కూతుర్ని నాకు తెలియకుండా తీసుకుపోతారా అని అందరి ముందూ కేకలు వేస్తాడు. ఆయన్ని బతిమాలి, చల్లార్చి, పెళ్లి ఖాయం చేస్తారు. లోపల ఎంత సంతోషంగా ఉన్నా ఆ కేకలు వెయ్యాల్సిందే. తెలిసే పంపాడంటే కూతురు బరువై వదిలించుకున్నాడని అర్థం. ఆ మాట పడ్డ పిల్లకు అత్తవారింట్లో విలువుండదు.

పోనీ చెప్పకుండా పోదామా అంటే, అలా వెళ్లిన ఒకతని అన్నను పోలీసులు పొద్దస్తమానం ఎండలో నిలబెట్టారు. మా నాన్నను అలా చూడలేను. అందుకని ఒక తెల్లవారుజామున అబ్బాయి అటునుంచి, నేను ఇటునుంచి వచ్చి బుద్ధిగా పాక దగ్గరే కలుసుకున్నాం.

"ఏటి గుంటా, ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు జవాను.

"లేచిపోతన్నాం బాబూ" అన్నాను.

ఎప్పుడొస్తారని అడిగాడు. రామని చెప్పాను. తిరిగి రానివాళ్లను పంపాలంటే ఇంటి పెద్ద వచ్చి ఒప్పుకోవాలట. ఎంత చెప్పినా వినకుండా మా నాన్నను నిద్రలేపి రప్పించాడు. నాన్న నా వైపు చూడలేదు. చెట్ల వైపు చూస్తూ, ఆ పిల్లెవరో పోతే పోనిమ్మని గొణిగి వెనుదిరిగాడు. ఆయన నడక చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అంతటితో వదిలారా? చెప్పిన చోటికే వెళ్తున్నామో లేదో చూడమని జవానును మా వెంట పంపారు. ముందు మా ఆయన, మధ్యలో నేను, వెనక బూట్లు కీచుమనిపిస్తూ సర్కారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవాలని ఎన్నాళ్లనుంచో అనుకున్న దారి అది. వాగు దాటేచోట మా ఆయన నాకు చెయ్యి అందించబోయి, వెనక నుంచి చూస్తున్న కళ్లకు జంకి, ఆ చెయ్యి జవానుకే ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి చేరితే, మా అత్త పోలీసును చూసి కోడిని చంకన పెట్టుకుని అడవిలోకి పరుగెత్తింది. కొత్త కోడల్ని చూడటానికి సాయంత్రానికి గాని రాలేదు.

కొన్నాళ్లకు నాన్న పెద్దలతో వచ్చాడు. నలుగురు కూడితే పోలీసు ఉండాలని ఇంకో ఉత్తర్వు. జవానూ వచ్చి కూర్చున్నాడు. నాన్న కేకలు బాగానే అందుకున్నాడు, మా మామ తలవంచుకుని బాగానే విన్నాడు. పెద్దల్లో ఒకాయన ఆచారం ప్రకారం, నీకు తెలిసి పంపావా అని అడిగాడు. తెలియదన్నాడు నాన్న.

"అదేటి, నా ముందరే ఒప్పుకున్నావు కదేటి" అన్నాడు జవాను.

మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న మా మామను వదిలేసి జవాను వైపు తిరిగాడు. అప్పటిదాకా వేసినవి ఆచారం కేకలు. ఇప్పుడాయన గొంతు పెంచలేదు.

"నా గుంట ఎవులితో పోతాదో నాకు తెలవకుండా ఉండాల బాబూ. అదే మా మరియాద. నాకే తెలవకూడంది నీకెందుకు తెలవాల?"

పెద్దలు జవానును లేచి అవతల కూర్చోమన్నారు. వెళ్లాడు. అప్పుడు అదే ప్రశ్న మళ్లీ అడిగారు. నాన్న కళ్లు తుడుచుకుని, తెలియదన్నాడు. ఈసారి కాదన్నవాళ్లు లేరు.