రేఖల్లేని బొటనవేలు

మా నాన్న బొటనవేలికి గీతలు లేవు. పుట్టినప్పుడు ఉండే ఉంటాయి. పన్నెండో ఏట కొబ్బరి చెట్టెక్కడం మొదలుపెట్టి, ముప్ఫై ఐదేళ్ళ పాటు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. ఆ గరుకు మానులు ఏ ఏటికాయేడు కొంచెం కొంచెంగా ఆ గీతల్ని అరగదీసేశాయి. మిగిలింది నున్నటి తోలు. ఇంట్లో ఎవరమూ గమనించలేదు. అన్నం కలుపుకోవడానికీ చుట్ట పట్టుకోవడానికీ గీతలతో పనేముంది? నేను లా కాలేజీకి దరఖాస్తు పెట్టిన ఏడు మాత్రం నా చదువు ఆ వేలి దగ్గరకొచ్చి ఆగిపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. కాకినాడలో ఉచిత వసతి గృహంలో ఉండి బి.ఏ. పూర్తిచేసి ఇంటికొచ్చాను. మా ఊరు ముక్తేశ్వరం రేవుకు నాలుగు మైళ్ళు. ఊళ్ళో సలహాలకు కరువు లేదు. బడిపంతులు ఉద్యోగం చూసుకోమని కొందరు, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరమని కొందరు. ప్లీడరునవుతానన్నాను. కొబ్బరికాయలు కోసి దించడాన్ని మా వైపు దింపు అంటారు. దింపు తీసేవాడి కొడుక్కి ప్లీడరీ ఏమిటని నా ముఖం మీదే అన్నారు. వెనకాల ఏమన్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ నాకు లేదు.

ప్లీడరీయే ఎందుకంటే, దానికో కారణం ఉంది. కాలవ గట్టు పక్కన మా తాతనాటి దొడ్డి ఒకటి మాకుండేది. పద్దెనిమిది కొబ్బరి చెట్లు. యుద్ధం రోజుల్లో, నాకు పదేళ్ళప్పుడు, ఊరి మునసబు గారు నాన్నను పిలిపించారు. దొడ్డి ఇంకా తాత పేరు మీదే ఉందని, దాన్ని నాన్న పేరు మీదికి మార్పిస్తానని చెప్పి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళారు. అక్కడ ఎవరో కాగితం గడగడా చదివారు. ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నావా అని రిజిస్ట్రారు అడిగితే మా నాన్న “ఆయ్” అన్నాడు. సొమ్ము ముట్టిందా అంటే “ఆయ్” అన్నాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఏదైనా అడిగితే “లేదండి” అనడం మావాళ్ళకు చేతకాదు. అది అమర్యాద. కోనసీమలో ఆకలికైనా ఓర్చుకుంటారు గానీ అమర్యాదకు ఓర్చుకోలేరు. వేలిముద్ర వేసి, మునసబు గారికి దణ్ణం పెట్టి, సంతోషంగా ఇంటికొచ్చాడు.

తర్వాతి దింపుకు మునసబు గారి మనుషులు వచ్చి కాయలన్నీ బండికెత్తుకుపోయారు. నాన్న వేలు వేసింది దొడ్డిని మునసబు గారికి అమ్మినట్టు రాసిన క్రయ దస్తావేజు మీదని అప్పుడు తెలిసింది. ఏం చేస్తాం? అప్పటినుంచి మా నాన్న తన చెట్లను తనే కూలికెక్కాడు. నేను కింద నిలబడి రాలిన కాయలు పోగేసి వాళ్ళ బండికి మోశాను. కాగితంలో ఏముందో చదివి చెప్పేవాడొకడు మా ఇంట్లో ఉండితీరాలని ఆ కాయలు మోస్తూనే అనుకున్నాను.

సరే, దరఖాస్తు ఫారం వాల్తేరు నుంచి పోస్టులో వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి మూడూ ఒక్క పూటలో నింపేశాను. చివరి పేజీలో తండ్రి సంతకం చేయాలి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయాలి. ఆ ముద్ర ఆయనదేనని ఆ ఊరి మునసబు సంతకం పెట్టి, తన ఆఫీసు ముద్ర కొట్టాలి. ఇదంతా అయి, ఎనిమిది రోజుల్లో ఫారం కాలేజీకి చేరాలి. ఊళ్ళో అంతమంది ఉండగా ఆ ముద్ర కొట్టే అధికారం సరిగ్గా ఆయనకే ఉండడం నా అదృష్టం.

మునసబు గారి అరుగుకు మూడు మెట్లు. పనివాళ్ళు మెట్ల కింద నిలబడి మాట్లాడాలి. కాగితం ఇవ్వాలన్నా పుచ్చుకోవాలన్నా దాన్ని అట్టడుగు మెట్టు మీద పెట్టాల్సిందే. ఆకాశమంత చెట్టు ఎక్కే మా నాన్న ఆ మూడు మెట్లు ఎక్కిన పాపాన పోలేదు.

“ఏరా, మీవోడు వాల్తేరెళ్తాడంటగా?” అన్నారు మునసబు గారు, పడక కుర్చీలోంచి.

“ఆయ్. అంతా తమ దయండి.”

“ఏం చదువుతాడేంటి?”

“లా అంటండి.”

ఆయన ముఖం మీద నవ్వు ఆగిపోయింది. పక్కన పొడుం పీలుస్తున్న కరణం గారి వైపు ఒకసారి చూశారు. ఫారం తీసుకుని వెనకా ముందూ తిప్పి, ఇంకు మెత్తతో పాటు మెట్టు మీదికి దింపించారు. ఫారం పాడవకుండా ముందు వేరే తెల్లకాగితం మీద వేయించారు. నాన్న వంగి, వేలు మెత్తకద్ది, కాగితం మీద ఒత్తాడు. నల్లటి మచ్చ ఒకటి పడింది. గీత అనేదే లేదు. మళ్ళీ వేయమన్నారు. మళ్ళీ మచ్చే. మూడోసారీ అంతే. రెండో చెయ్యి చూస్తే దానిదీ అదే వరస.

“ఇదేం ముద్రరా? రేకలేవీ? ఇంకు ఒలికినట్టుంది గానీ మడిసి ముద్రలా లేదు. దీని పక్కన సంతకం పెట్టి నేను అబద్ధం ఆడలేనురా. దేవుడికి సమాధానం చెప్పుకోవాలి” అన్నారు మునసబు గారు.

“ధర్మం ధర్మమేనండి” అన్నారు కరణం గారు పొడుం దులుపుకుంటూ.

దేవుడు మధ్యలో ఎందుకొచ్చాడో నాకు అప్పుడే అర్థమైంది. మా ఇంట్లో ప్లీడరు తయారైతే ఆయన ఇనప్పెట్టెలో ఉన్న మా దొడ్డి దస్తావేజుకు నిద్ర పట్టదు. మా నాన్న మాత్రం “ఆయ్” అని వెనక్కి తిరిగాడు. దారిపొడుగునా ఆ వేలు చూసుకుంటూ నడిచాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు మునసబు గారి మీద కంటే మా నాన్న మీదే ఎక్కువ కోపమొచ్చింది.

అమ్మ ఊరుకునే రకం కాదు. “గీతలెక్కడికి పోతాయి? లోపలుంటాయి. తోలు మెత్తబడితే అయ్యే పైకొత్తాయి” అంది. వేలిని పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టడం, మధ్యాహ్నం కొబ్బరినూనె మర్దనా, సాయంత్రం వెన్న పూసి గుడ్డ కట్టడం. మూడు రోజులు చెట్టెక్కనివ్వలేదు. పెళ్ళికొడుక్కి కూడా మా ఊళ్ళో అంత నలుగు పెట్టి ఉండరు. పక్కింటివాళ్ళు వేలికి ముహూర్తం ఎప్పుడని అడిగి వెళ్ళేవారు. నాలుగో రోజు దీపం మసి పూసి కాగితం మీద ఒత్తించాం. మచ్చే. కాకపోతే ఈసారి వెన్నతో మెరుస్తోంది. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు వెలుతురులో పెట్టి చూసి, పొయ్యిలో పడేసింది.

సంతకం నేర్పుదామని పలక తెచ్చాను. కొబ్బరి కత్తి పట్టిన ఆ పట్టుకు బలపాలు పుటుక్కుమని విరిగేవి. అయినా రెండు రోజులు కూర్చుని, చెమటలు కక్కి, పలక మీద తన పేరు నిలబెట్టాడు. నేను పరుగున వెళ్ళి చెబితే మునసబు గారు నవ్వారు. “మొన్న వేలిముద్రగాడు, ఇయ్యాల సంతకం వచ్చేసిందా? ఆ సంతకం నువ్వు పెట్టింది కాదని నాకేం తెలుసు? నేనొప్పుకోను” అన్నారు.

ఇక రెండు రోజులే మిగిలాయి. పిచ్చెక్కినట్టయి కాలవ గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా మా దొడ్డి. ఆ చెట్లను చూస్తుంటే తట్టింది. పదేళ్ళ కిందట ఆ దస్తావేజు మీద పడింది కూడా ఈ వేలే గదా! అప్పటికే మా నాన్న చెట్లెక్కడం మొదలుపెట్టి పాతికేళ్ళు. అప్పుడు మాత్రం గీతలెక్కడివి?

మర్నాడు పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఏం మాట్లాడబోతున్నానో ఆయనకు చెప్పలేదు. చెబితే వచ్చేవాడు కాదు. అరుగు మీద మునసబు గారు, కరణం గారు, శిస్తు కట్టడానికొచ్చిన నలుగురైదుగురు రైతులు. జనం ఉండడమే నాక్కావాల్సింది.

“మునసబు గారండి, ఒక్క ధర్మసందేహమండి” అన్నాను.

“ఏంటది?”

“రేకల్లేనిది ముద్రే కాదన్నారు గదండి తమరు. మరి మా దొడ్డి దస్తావేజు మీదున్నది ఎవరి ముద్రండి?”

కరణం గారి చిటికెలో పొడుం చిటికెలోనే ఉండిపోయింది.

“అప్పుడు రేకలుండేయిరా” అన్నారు మునసబు గారు.

“అయితే ఆ కాయితం తెప్పించండి. ఈ పెద్దలందరి ముందూ చూద్దారి. దాని మీద గీతలుంటే ఆ వేలు మా నాన్నది కాదండి. గీతలు లేవనుకోండి, తమరు చెప్పిన ధర్మం ప్రకారం అసలది ముద్రే కాదు. తమరే చెప్పండి, ఏదంటారు?”

నలభై ఏళ్ళు నల్లకోటు వేసుకున్నవాణ్ణి, ఇప్పుడు చెబుతున్నాను వినండి. ఆ వాదన ఏ కోర్టులోనూ అయిదు నిమిషాలు నిలవదు. రిజిస్ట్రారు రాత ఉంది, సాక్షులున్నారు, ఇంకా సవాలక్ష ఉన్నాయి. అవేవీ అప్పుడు నాకు తెలియవు. అదృష్టం కొద్దీ మునసబు గారికీ తెలియవు. లా చదవక ముందు నాకున్నంత ధైర్యం చదివిన తర్వాత మళ్ళీ రాలేదు.

రైతుల్లో ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన, “కుర్రోడు అడిగినదాంట్లో తప్పేం లేదు కదండి” అన్నాడు. మునసబు గారు చేతిలోని విసనకర్ర కింద పెట్టారు. “చదువుకునే కుర్రోణ్ణి ఆపానన్న మాట నాకెందుకు? వేలు పెట్టరా” అన్నారు. నాన్న మెట్టు దగ్గర వంగి ఫారం మీద వేలొత్తాడు. అదే మచ్చ. దాని పక్కన మునసబు గారు సంతకం చేసి, ముద్ర కొట్టి, ఫారం చేతిలోనే ఉంచుకున్నారు.

“ఇచ్చేత్తానొరే. ఒక్క మాట మాత్రం ఈ పెద్దల ముందు చెప్పి పట్టుకెళ్ళు. మీవోడు చదువుకుని వచ్చేక ఆ దొడ్డి ఊసెత్తకూడదు. ఏరా, సరేనా?”

ఆ ఫారం మధ్యాహ్నం తపాలాకు అందకపోతే నా పని అయిపోయినట్టే. దొడ్డి ఎటూ పోయింది. ఒక్క “ఆయ్” అంటే చాలు. నాన్న జీవితమంతా ప్రతివాడితోనూ అన్న మాటే. “అనెయ్యి నాన్నా” అన్నాను ఆయన చెవిలో. అన్నాను. ఆ మాటకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

మా నాన్న ఇంకంటిన వేలు ఒకసారి చూసుకున్నాడు. తలెత్తాడు.

“లేదండి” అన్నాడు.

“ఏంటీ?”

“కుదరదండి బాబుగారూ. ఆడి చదువు ఆడిది. నా దొడ్డి నాదండి.”

గొంతు పెంచలేదు. “అండి” మానలేదు. ఒక మెట్టెక్కాడు. రెండోది ఎక్కాడు. మూడోది ఎక్కి అరుగు మీద మునసబు గారి కుర్చీ ముందు నిలబడి, ఆయన చేతిలోంచి ఫారం తీసుకున్నాడు. లాక్కోలేదు, తీసుకున్నాడు. మునసబు గారి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నాన్న మూడు మెట్లూ దిగి వచ్చి, “పదరా, తపాలా ఎల్లిపోద్ది” అన్నాడు.

దొడ్డి మా చేతికి రాలేదు. నేను లా పట్టా పుచ్చుకుని వచ్చేసరికి దావా వేయాల్సిన గడువు దాటిపోయింది. ఆ సంగతి నాకు నా చదువే చెప్పింది. నాన్న మాత్రం ఆ రోజు తర్వాత ఆ చెట్లు మళ్ళీ ఎక్కలేదు. కూలికి పక్క ఊళ్ళకు వెళ్ళాడు. మునసబు గారి ఇంటివైపు నుంచి నడిచి వెళ్ళినప్పుడల్లా ఆ మూడు మెట్లనూ ఒకసారి చూసేవాడని అమ్మ చెప్పేది.

సీటొచ్చిందని కార్డు వచ్చాక చేరడానికి వాల్తేరు వెళ్ళాను. కాలేజీ ఆఫీసులో గుమాస్తా నా ఫారం తీసి, చివరి పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు. కాగితం పై అంచున ఇంకో నల్లటి మచ్చ ఉంది. అరుగు మీద ఫారం పుచ్చుకున్నప్పుడు నాన్న వేలికి తడి ఆరలేదు.

“కింద వేలిముద్ర ఉంది, సరే. మరి పైన ఈ మరకేమిటయ్యా?” అని అడిగాడు.

“అది కూడా మా నాన్న వేలిముద్రేనండి.”

“దీని పక్కన ఎవరూ సంతకం పెట్టలేదే?”

“దానికి అక్కర్లేదండి” అన్నాను. “అది ఆయన సొంతంగా వేసింది.”