వెచ్చని నీళ్ల కింద

గోదావరి లంకలో పుట్టినవాడు నీళ్ల లోతు కళ్లతో కొలవడు, కాళ్లకే తెలిసిపోతుంది. చిన్నప్పుడు వేసవిలో గేదెల్ని తోలుకుని పాయ దాటేవాళ్లం. పిక్కలకి నీళ్లు వెచ్చగా తగిలితే కింద ఇసుక మేట ఉన్నట్టు. చల్లగా తగిలితే మడుగున్నట్టు, పక్కకి తిరగాలి. ఇది నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ముందు నడిచే మా నాన్న ఎటు తిరిగితే అటు తిరిగేవాణ్ణి. తర్వాత రాజమండ్రిలో ఉద్యోగం, ఇల్లు, రిటైర్మెంటు అన్నీ అయ్యాయి గానీ, పొద్దున్నే రేవులో దిగడం మాత్రం మానలేదు.

మా ఆవిడది పెద్దాపురం వైపు మెట్ట ప్రాంతం. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటినా రేవులో మూడో మెట్టు దాటి దిగిన మనిషి కాదు. కార్తీకస్నానం కూడా చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకుని అయిందనిపించేది. మోకాళ్ల నొప్పులకి ఈత మంచిదని డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నా నవ్వు చూసి ఆవిడకి కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఈత నేర్చుకుందని నా అనుమానం.

వరద ఎరుపు పోయి నీళ్లు తేటపడ్డాక, ఆ ఏడు కార్తీకంలోనే మొదలుపెట్టాం. నడుముకి ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి, పొట్ట కింద చెయ్యి పెట్టి నేర్పాను. నేనేం మంచి గురువును కాను. ఊరికే అరుస్తాను. రేవులో బట్టలుతికేవాళ్లు తలలెత్తి చూసేవారు.

"అరవకండి. మునిగేది నేనా, మీరా?" అనేది ఆవిడ.

పుష్యమాసానికల్లా డబ్బా విప్పేసింది. ఆ నెల పొద్దుటి పూట గోదావరి వేరే లోకం. మంచులో అవతలి గట్టు ఉండదు. వంతెన సగం దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. రైలు చప్పుడు వినిపిస్తుంది గానీ రైలు కనిపించదు. చలికి మెట్ల మీద అరికాలు ఆనించలేం, నీళ్లలో దిగితే మాత్రం దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. గాలికన్నా నీళ్లే వెచ్చన. కష్టమల్లా బయటికి రావడమే. ఆవిడ గెడ్డం దాకా నీళ్లలో ఉండి, "ఇంకో ఐదు నిమిషాలండి" అనేది. ఆ ఐదు నిమిషాలు అరగంటయ్యేవి. వెల్లకిలా తేలడం నేను నేర్పలేదు, తనే పట్టేసింది. చెవులు నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని, ఆ తెల్లటి మంచులో ఎక్కడికీ పోకుండా అలా ఉండిపోయేది. నేను పక్కన నిలబడి కాపలా కాసేవాణ్ణి.

మోకాళ్ల సంగతి ఇద్దరం మరిచిపోయాం. కూర తరుగుతూ కూనిరాగాలు తీసేది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ వినని రాగాలు. నాకు చాలా సంతోషమేసింది. అదంతా నా చలవే అన్నట్టు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఫాల్గుణం దాటాక నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. అప్పుడు తీశాను నా లంక విద్య. "పొట్టకి వెచ్చగా తగిలితే కాళ్లు దించెయ్, నేల అందుతుంది. చల్లబడితే వెనక్కి వచ్చెయ్," అని చెప్పాను. చైత్రమంతా ఆవిడ అలాగే ఈదింది. వెచ్చని చోటు దొరగ్గానే కాళ్లు దించి, నడుం లోతులో నిలబడి, నాకేసి చూసి తల ఊపేది. ఒక్క రోజు కూడా లెక్క తప్పలేదు.

వైశాఖంలో ఎండలు ముదిరాయి. రెండ్రోజులు మన్యం వెళ్దామంది. రంపచోడవరం దాటి కొండలెక్కాక, అడవి నడుమ వాగుకి అడ్డంగా కట్ట వేసిన చెరువొకటుంది. మేం వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. గట్టున గాలం వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. నీళ్ల మీద చిన్న అల కూడా లేదు. కొండలు, వెదురు పొదలు, ఒక తెల్ల మబ్బు, అన్నీ తలకిందులుగా కదలకుండా ఉన్నాయి. ఎక్కడో పక్షి ఒకటి కూసి, తన కూత తనే వింటున్నట్టు ఆగేది. గోదావరి ఎప్పుడూ ఎక్కడికో పోతూనే ఉంటుంది. ఈ నీళ్లకి ఏ తొందరా లేదు.

చెయ్యి పెట్టి చూశాను. స్నానానికి కాచినట్టున్నాయి.

"వెళ్లు. లోతేం ఉండదు, నేల అందుతుంది," అన్నాను.

నేను తాపీగా చెప్పులు విప్పుకుంటున్నాను. ఆవిడ ఆ మబ్బు నీడని చీల్చుకుంటూ, కేక వేస్తే వినపడేంత దూరం ఈదింది. అక్కడ ఆగి, రేవులో లాగే కాళ్లు దించి నాకేసి తిరిగింది. చేతులు పైకి లేచాయి. తల కిందకి పోయింది. నీళ్లు మళ్లీ నున్నగా అయిపోయాయి.

సరదాకి మునిగిందనుకున్నాను. గాలం పెద్దాయన లేచి నిలబడ్డం చూశాక గానీ నాకు బుర్ర పనిచెయ్యలేదు. చొక్కాతోనే దూకాను. ఛాతీకి నీళ్లు వెచ్చగా ఉన్నాయి. కాళ్లు కాస్త కిందకి వెళ్లినప్పుడల్లా పాదాలు కొంకర్లు పోతున్నాయి. కదలని నీళ్లలో ఎండ పైపైనే ఆగిపోతుందని, కింద నిలువు లోతున్నా పైన వెచ్చగానే ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు, అరవై ఏళ్లొచ్చాక.

సగం దూరం పోయేసరికి ఆవిడ తేలింది. వెల్లకిలా, నోరు తెరిచి, దగ్గుతూ. పట్టుకోబోతే, "ముట్టుకోకండి," అంది. చేతులు మెల్లగా ఆడిస్తూ తనంతట తనే గట్టుకొచ్చింది. నేను పక్కన ఊరికే ఈదాను.

పెద్దాయన తన తువ్వాలిచ్చాడు. "కిందంతా చలేనండి, ఏ కాలమైనా. అడుగెక్కడుందో మాకే తెలీదు," అన్నాడు.

ఆవిడ వణుకుతూ నీళ్లకేసే చూస్తోంది. "పైన వైశాఖం, కాళ్ల దగ్గర పుష్యం," అంది, నిద్రలో మాట్లాడినట్టు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఘాట్ రోడ్డు దిగాక తనే చెప్పింది.

"పాదాలకి చల్లగా తగిలినప్పుడే అనుమానమొచ్చిందండి. అయినా మీరు నేల అందుతుందన్నారు కదా. ఇంకాస్త దిగితే నేల తగులుతుందేమోనని దిగుతూనే ఉన్నాను."

నిందగా అనలేదు. ఊళ్లో కబురు చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగాను.

వారం రోజులు రేవు ఊసెత్తలేదు. ఇంట్లో కూనిరాగాలు లేవు. ఆవిడ ఇంక నీళ్లలో దిగదేమో, దిగకపోతే ఆ పాపం నాదేనని బెంగపడ్డాను. ఎనిమిదో రోజు పొద్దున్న చూస్తే, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

రేవులో మెట్లన్నీ దిగి, నడుం లోతులో ఆగింది.

"ఆ తిన్నె అవతల ఎంత లోతుంటుందండి?" అని అడిగింది.

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలీదు," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత చెయ్యి చాపి, "అయితే రండి, ఇద్దరం వెళ్లి చూద్దాం," అంది.