తల్లి గడి ఒక్కటే

కొత్త కంప్యూటర్ వ్యవస్థను ప్రారంభించిన రోజున, పూర్వీకుల కోసం నేలమీద పోసిన జిన్నును ప్లగ్గుల పెట్టె తాగింది. ఇందులో స్టోరు పెద్ద ఒపానిన్ బాదు తప్పేమీ లేదు. కుమాసీలో ఏ మంచి పని మొదలుపెట్టినా ముందు పెద్దలను పేరుపేరునా పిలిచి ఓ గుక్క పోయాలి. ఆయన పిలిచాడు. వాళ్లు వచ్చే ఉంటారు. వాళ్లు నిలబడే చోటే ఎవరో వైర్లు పరిచారు. చిటపటమంది, తెర నల్లబడింది, సబ్బుల ఫ్యాక్టరీ జనమంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

అక్రా నుంచి సూటు వేసుకొచ్చిన కన్సల్టెంట్ సెలోర్మ్ రుమాలుతో ప్లగ్గులు తుడుస్తూ, "ఇలాంటిది మా గైడులో ఎక్కడా లేదే!" అన్నాడు.

"మావాళ్లు కూడా ఉండరు నాయనా అందులో," అంది అబ్రఫీ, చేతిలోని ఖాళీ గ్లాసు పక్కన పెడుతూ.

అబ్రఫీది సెలవుల బల్ల. ఫ్యాక్టరీలో అందరికంటే చిన్న బల్ల అదే, అందరూ వచ్చి ఏడ్చే బల్లా అదే. ఎవరింట్లో చావు జరిగినా అంత్యక్రియల పోస్టరు పట్టుకుని ఆమె దగ్గరికి రావాల్సిందే. అబ్రఫీ పోస్టరు మీది ఫోటో చూసేది, "అయ్యో, ఎంత కళగల ముఖం!" అనేది, వచ్చినవాడి ముఖం కూడా ఓసారి చూసేది. ఆ ముఖంలో దుఃఖముంటే సెలవు. లేకపోతే, "వెళ్లి కాసేపు పోయినవాళ్లను తలుచుకుని రా," అని పంపేసేది. ఇంతకు మించి పద్ధతి లేదు. ఇన్నేళ్లలో ఒక్క దొంగ చావు కూడా ఆమె బల్ల దాటలేదు.

ఎందరు తల్లులకు సెలవివ్వాలన్న ప్రశ్న కూడా ఎన్నడూ రాలేదు. తల్లికి అక్కచెల్లెళ్లు ఎందరుంటే అందరూ తల్లులే. నలుగురు తల్లులున్నవాడు నాలుగుసార్లు ఏడుస్తాడు, నాలుగుసార్లు సెలవు తీసుకుంటాడు. లెక్క ప్రకృతిది, అబ్రఫీది కాదు.

కొత్త వ్యవస్థ వచ్చి ప్రకృతిని సరిదిద్దింది. అందరి వివరాలూ అందులోకి ఎక్కించే పని అబ్రఫీకే పడింది. తెర మీద తల్లి పేరుకు ఒక్కటే గడి.

"మిగతావాళ్లను ఎక్కడ రాయను?" అని అడిగింది.

"ఒక మనిషికి ఒక తల్లే ఆంటీ. కన్నతల్లి. ఇది ప్రపంచంలోకెల్లా ఉత్తమ పద్ధతి," అన్నాడు సెలోర్మ్.

"ఆ ప్రపంచంలో పిల్లల్ని ఎవరు పెంచుతారో!"

సెలోర్మ్ నవ్వి, ఈ వ్యవస్థ గొప్పలు చెప్పుకొచ్చాడు. కాగితం ఎక్కడా ఆగదట. పై అధికారి సెలవులో ఉంటే అతని కిందివాడికి, అతనూ లేకపోతే ఆ కిందివాడికి, ఎవరు హాజరులో ఉంటే వాళ్ల బల్ల మీదికి దానంతటదే వెళ్తుందట. ఒపానిన్ బాదు వింటూ కూర్చుని, "మా ఇంటికొచ్చిన కొత్తల్లుడూ ఇంతే. మన వంట తినడు, మన మాట వినడు, అన్నీ తనకే తెలుసంటాడు," అన్నాడు. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో దాని పేరు కొత్తల్లుడు.

అబ్రఫీ తన గడిలో కన్నతల్లి పేరు రాసింది. ఆ తల్లి అబ్రఫీకి పాలు మానకముందే పోయింది. కొత్తల్లుడు ఆ పేరు పక్కన 'మృతురాలు' అని చేర్చుకున్నాడు.

అబ్రఫీని పెంచింది కన్నతల్లి అక్క, నానా పోమా. ఫ్యాక్టరీ గేటు పక్కన అల్లం, మిరియాలు దంచి కాచిన సజ్జంబలి, బొబ్బర గారెలు అమ్మేది. ఎండీ దార్కో గారు గుమాస్తాగా చేరిన రోజుల నుంచి ఆ అంబలి తాగి పెరిగినవారే. గేటు దాటే ప్రతివాడూ ఆమెను అమ్మా అనే పిలిచాడు. ఆవిడ కూడా వాళ్లను కన్నట్టే తిట్టింది. "తిన్నావా? అబద్ధం! బుగ్గలు చూడు, ఎలా పీక్కుపోయాయో!"

ఆ నానా పోమా పోయింది. ఆమె సొంతూరు బెక్వాయిలో శనివారం అంత్యక్రియలు. శుక్రవారమే శరీరాన్ని కడిగి, రంగురంగుల నేత కెంటే వస్త్రం కట్టి, మంచం మీద అలంకరించాలి. అది పెద్ద కూతురి పని. ఆడపిల్లల్లో పెద్దది అబ్రఫీయే. ఆ చేతులు అక్కడ లేకపోతే, ఆ తర్వాత అబ్రఫీ ఎంత ఏడ్చినా దానికి విలువ లేదు.

అబ్రఫీ తన చేత్తోనే సెలవు అడిగింది. తెర జవాబిచ్చింది: 'మీ తల్లి ఇంతకు ముందే మరణించారు. దరఖాస్తు తిరస్కరించబడింది.'

పునఃపరిశీలన కోరింది. అది దార్కో గారి బల్ల మీదికి వెళ్లింది. ఆమె కూడా దాని వెనకే వెళ్లింది.

"నేనేం చేయను అబ్రఫీ? వ్యవస్థ ఒప్పుకోవాలి కదా. ఒక మనిషికి ఒకే తల్లి."

"మీ ముగ్గురు అమ్మలకు సెలవు రాసింది నేనే సార్. నాలుగో ఆవిడ, మిమ్మల్ని కన్నావిడ, అసొకోరెలో దిట్టంగా ఉన్నారు, దేవుడి దయవల్ల."

దార్కో గారు గొంతు సవరించుకున్నారు. "అది పాత పద్ధతి. చూద్దాంలే."

ఆయన చూద్దామన్నదేదీ ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఈలోపు ఫ్యాక్టరీ మొత్తానికి ఒక ఇబ్బంది వచ్చింది. అమ్మ అంత్యక్రియలకు వెళ్లకుండా ఎలా? తెర మీద సెలవు కారణాలు వరుసగా ఉన్నాయి: జ్వరం, పెళ్లి, తల్లి, తండ్రి. అంబలి అమ్మ అని లేదు. కాబట్టి అందరూ 'తల్లి' నొక్కారు. అబద్ధమేముంది అందులో? డ్రైవర్లు నొక్కారు, సబ్బు కోసేవాళ్లు నొక్కారు, వాచ్‌మన్ నొక్కాడు, ఒపానిన్ బాదు కళ్లద్దాలు తుడుచుకుని మరీ నొక్కాడు. ఎండీయే రాకపోతే పరువు పోతుంది గనక దార్కో గారు కూడా తలుపు వేసుకుని నొక్కారు. వాళ్లందరి గడుల్లోని తల్లులు అప్పటిదాకా బతికే ఉన్నారు గనక కొత్తల్లుడికి అభ్యంతరం కనిపించలేదు. అందరికీ శుక్రవారం నుంచి శుక్రవారం దాకా సెలవు ఇచ్చేశాడు.

ఆ విధంగా, అబ్రఫీ తల్లి అంత్యక్రియలకు ఫ్యాక్టరీలో సెలవు దొరకనిది అబ్రఫీ ఒక్కదానికే.

శుక్రవారం పొద్దున్నే ఎర్ర అంచు నల్ల వస్త్రం కట్టుకుని ఆమె తన బల్ల దగ్గర కూర్చుంది. సబ్బు వాసన తప్ప ఎవరూ లేరు. సెలోర్మ్ మాత్రం యంత్రాల గదిలోంచి వచ్చాడు. అతను ఫ్యాక్టరీ మనిషి కాదు కాబట్టి అతనికి సెలవు అక్కర్లేదు.

"మీరింకా ఇక్కడే ఉన్నారేమిటి ఆంటీ?"

"మా అమ్మ ముందే పోయిందట నాయనా. మీ అల్లుడు చెప్పాడు."

సెలోర్మ్ తల దించుకున్నాడు. "నన్ను పెంచింది కూడా మా పెద్దమ్మే. కేటాలో ఉంటుంది," అన్నాడు.

"మరి నీ గడిలో ఎవరి పేరు రాశావు?"

అతను జవాబు చెప్పే లోపే తెర టింగుమంది. పునఃపరిశీలనకు ఒక దరఖాస్తు. దార్కో గారు సెలవులో ఉన్నారు, ఆయన కిందివాడూ సెలవే, ఆ కిందివాడూ సెలవే. కాగితం ఎక్కడా ఆగకుండా దిగి దిగి, హాజరులో ఉన్న ఏకైక అధికారి బల్ల మీదికి వచ్చింది. దరఖాస్తుదారు: అబ్రఫీ. మంజూరు చేయవలసినవారు: అబ్రఫీ.

అబ్రఫీ వస్త్రం సర్దుకుంది. దరఖాస్తుదారు పేరు చదివి, ఆ తెర అద్దంలో కనిపించే ముఖం వంక తన పాత పద్ధతి ప్రకారం ఒకసారి చూసింది. దుఃఖం ఉంది. అందులో లోటేమీ లేదు.

ఎన్ని రోజులు అని అడిగింది తెర. ఆదివారం దాకా చాలు అని రాసి, 'సరే' నొక్కి, సెలోర్మ్ వైపు తిరిగింది. "కారుందిగా నీకు? పద. బెక్వాయిలో నీకు కూడా గారెలు పెడతారు."

నానా పోమాను అబ్రఫీ తన చేతులతోనే కడిగింది, కట్టింది, మెడలో పూసలు సర్దింది. శనివారం డప్పులు మోగుతుంటే అందరూ బాగా ఏడ్చారు. ఏడుపు మధ్యలో ఒకరి తర్వాత ఒకరి ఫోన్లు మోగసాగాయి. కొత్తల్లుడు చాలా మర్యాదస్తుడు. తల్లిని పోగొట్టుకున్న ప్రతివాడి ఇంటికీ అబ్రఫీ పేరుతో సంతాప సందేశం పంపాడు. ఇంటి నంబరు అంటే గడిలో తల్లి పేరు పక్కన రాసిన ఫోను నంబరే.

"ఒరే, నన్నెప్పుడు చంపావురా?" అని ఒక్కొక్క తల్లీ ఫోన్లో అరుస్తుంటే, "అమ్మా, నువ్వు కాదమ్మా, అమ్మ పోయిందమ్మా!" అంటూ కొడుకులు డప్పుల మీదుగా అరిచారు.

సోమవారం అందరూ పనికి వచ్చారు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే అది ప్రతివాడికీ ఒకటే మాట చెప్పింది: 'మీరు విషాదంలో ఉన్నారు. విశ్రాంతి తీసుకోండి.' అబ్రఫీ వేలికి మాత్రం తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికెళ్లి, హాజరులో ఉన్న ఏకైక అధికారిగా, కిటికీ పక్కన టీ తాగుతూ కూర్చుంది.

గేటు బయట దార్కో గారు ఎండలో నిలబడి వేలు తుడుచుకుంటున్నారు, మళ్లీ పెడుతున్నారు. పక్కన అసొకోరె నుంచి టాక్సీలో దిగిన వాళ్లమ్మ, ఫోను పైకెత్తి ఊచల్లోంచి అరుస్తోంది.

"ఏమే అబ్రఫీ! నా చావుకు నాకే సంతాపం పంపుతావా? కళ్లు పెట్టి చూడు, నిక్షేపంలా నిలబడి ఉన్నాను! ముందు మావాణ్ణి లోపలికి రానీ!"

అబ్రఫీ టీ గ్లాసు దించి, కిటికీలోంచి ఎంతో గౌరవంగా తల వంచింది.

"మీరు బతికే ఉన్నారని నాకు తెలుసమ్మా, కానీ మీ అబ్బాయి ఏడుపు శుక్రవారం దాకా మంజూరైపోయింది."