జలసంధి దాటొచ్చిన రామభజన

మా ఆవిడ కట్టిన రామభజనను ఈ ఏటి శ్రీరామనవమి కార్యక్రమంలోంచి తీసేశారు. అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల తెలుగువాళ్ళు చేసుకునే పండుగ అది. మా మనవరాలు నెల్లాళ్ళు సాధన చేసిన పాట. తీసేసిన కారణమేమంటే, బాణీ మనది కాదట!

మరి ఎవరిదో చెప్పనివ్వండి. నేను మలేషియాలో, పేరాక్ తీరాన ఒక కొబ్బరితోటలో పుట్టినవాణ్ణి. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కిన కూలీల సంతతి. తోట బడిలో తెలుగు మూడో తరగతితో ఆగిపోతే, మిగతాది భజన పుస్తకం ముందేసుకుని నేనే కూడబలుక్కున్నాను. మా ఇళ్ళ వెనక జలసంధి, దాని అవతల ఇండోనేషియా. పొద్దుగూకితే మా రేడియోల్లో కౌలాలంపూర్ కంటే ఆ అవతలి ఒడ్డే స్పష్టంగా పలికేది. ఏం పాటలండీ అవి, గిటారు మీద మెల్లగా కన్నీరు పెట్టించే పాటలు! పక్క ఊరి మలయ్ కుర్రాళ్ళు జుట్టు పెంచి, జకార్తా మాటల్లో ప్రేమలేఖలు రాసేవారు. మా దేశపు గాయకులేమో తమ క్యాసెట్లు ఎవరూ కొనడం లేదని మొత్తుకుంటూనే, తామూ ఆ ఫక్కీలోనే పాడేవారు.

ఇక మా భజనమందిరంలో పాత బాణీలు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే పోయారు, పిల్లలు రావడం మానేశారు. అప్పుడు, కొత్త కోడలిగా వచ్చిన మా ఆవిడ, కొబ్బరి ఎండబెడుతూ పాడుకునే ఇండోనేషియా పాటకి రాముడి మాటలు అల్లి, ఒక శనివారం మందిరంలో పాడేసింది. ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. భజన నడిపే మా పెదనాన్న తాళాలు కింద పెట్టి, "రావుడే సముద్రం దాటినోడు కదర్రా, పాట దాటితే తప్పేటి?" అన్నాడు. మరుసటి శనివారం నుంచి మందిరం పట్టనంత జనం.

ఇప్పుడు ఆ మందిరం లేదు, తోటా లేదు. ఆవిడా పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాను. నా గొంతు పాటకి లేవదు. ఆ భజన మిగిలింది ఒక్క మనవరాలి నోటనే, ఆ అమెరికా యాసలోనే. నవమినాడు వేదిక మీద సినిమా బాణీలకి దేవుడి మాటలు పెట్టి పాడితే చప్పట్లు కొట్టారు. అవి ఎక్కడెక్కడి నుంచి ఎత్తుకొచ్చినవో అడిగిన నాథుడు లేడు. పిల్ల వెనక వరసలో పట్టులంగా ముడుచుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి కూనిరాగం కూడా తీయడం లేదు.

నా ఈడు వాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో బాణీ ఏ ఒడ్డున పుట్టిందని కాదు, పాడే నోరుందా అని చూసుకునేవాళ్ళం. ఇప్పుడు వేదికలున్నాయి, మైకులున్నాయి, నోరే వద్దంటున్నారు. ఎందుకు తీసేశారని కమిటీ కుర్రాణ్ణి ఫోన్లో అడిగాను, పార్కింగ్‌లో ఆపి అడిగాను, వాట్సాప్‌లో రాశాను. నిన్నటికి జవాబొచ్చింది:

"సారీ అంకుల్, లేట్ అయింది. నవమికి ట్రెడిషనల్ ఐటమ్సే అని కమిటీలో డిసైడ్ చేశాం. పాప ఫీల్ అవకుండా మన అపార్ట్‌మెంట్స్ అన్ని దేశాలవాళ్ళూ చేసే ఇంటర్నేషనల్ నైట్‌లో స్లాట్ ఇచ్చాం, మలేషియన్ ఫోక్ సాంగ్ అని. అక్కడ తెలుగు ఎవరికీ అర్థం కాదు కదా, మాటలు తీసేసి ట్యూన్ ఒక్కటి హమ్ చేయమనండి, చాలు."